ఎవరూ కాదనలేదు

తనకు పెళ్ళయిందని థర్మోకోల్ తల చెప్పేసరికి ల్యాబులో అందరూ నవ్వారు.

కొత్తగా వచ్చిన టోపీల్లో వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం టెక్నీషియన్ స్టెల్లా పని. ఒక టోపీని బల్లమీదున్న థర్మోకోల్ తలకు తొడిగి, యంత్రం ఆపడం మరిచిపోయి టిఫినుకు వెళ్ళింది. తిరిగొచ్చి, ఊరికే సరదాకి మైకు అందుకుని, "ఏమయ్యా, పెళ్ళయిందా నీకు?" అని అడిగింది. తెరమీద పచ్చటి అక్షరాలతో "అవును" అని పడింది. పిల్లలున్నారా అంటే అవును. జీతం సరిపోతోందా అంటే దానికీ అవునే.

"దీనికంటే మా ఆయనే నయం మేడమ్. అప్పుడప్పుడైనా కాదంటాడు," అంది స్టెల్లా.

దమయంతి కూడా నవ్వింది. ఆ యంత్రానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "పలుకు". కదలలేక, కళ్ళు తెరవలేక, నెలల తరబడి మంచానికి అంటుకుపోయిన మనిషి తలకు టోపీ తొడిగి ప్రశ్న అడిగితే, లోపల అతను అవుననుకున్నాడో కాదనుకున్నాడో అది చెప్తుంది. దానిలోని లెక్కంతా దమయంతి రాసిందే. ఆమె నవ్వుతూనే మైకు తీసుకుని, "నువ్వు బతికే ఉన్నావా?" అని అడిగింది.

అవును.

"చచ్చిపోయావా?"

అవును.

స్టెల్లా ఇంకా నవ్వుతూనే ఉంది. దమయంతి మైకును చప్పుడు కాకుండా బల్లమీద పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆమె రాసే కంప్యూటర్ భాషలో మాటలుండవు, గుర్తులుంటాయి. ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క పని. ఒంటరి అంకెలతో ఆ భాషకు పనిలేదు. వరుసలతోనే దాని వ్యవహారమంతా. వెయ్యి అంకెల వరుసనైనా ఒక్క గుర్తుతో తిప్పుతుంది, కూడుతుంది, మడతపెడుతుంది. భర్త జోగారావు వెనకనుంచి వచ్చి ఆమె భుజంమీదుగా తెరలోకి తొంగిచూసి, "ఏటే, నీ చీమలు బారు కట్టేయా?" అనేవాడు. పోర్టులో టగ్గు నడిపే సరంగు అతను. మల్కాపురంలో ఒకే వీధిలో పెరిగి, ఇష్టపడి చేసుకున్నారు. ఓడలను తాడేసి లాక్కొచ్చే మనిషికి ఆ చీమలు ఏమిటో ఎన్నడూ అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనీ అతను అనుకోలేదు.

ఆ భాషలో నిజం అనేదానికి ప్రత్యేకమైన పేరు లేదు. నిజమంటే ఒకటి. అబద్ధమంటే సున్నా. అవీ మిగతా అంకెల్లాంటి అంకెలే కాబట్టి నిజాలను కూడవచ్చు. వందమందిని అడిగి, వచ్చిన జవాబులను కూడితే ఎంతమంది అవునన్నారో తేలిపోతుంది. ఒకట్లూ సున్నాల వరుసను జల్లెడలా పట్టుకుని మరో వరుసను జల్లించనూ వచ్చు. ఒకటి ఉన్నచోటిది నిలుస్తుంది, సున్నా ఉన్నచోటిది రాలిపోతుంది. మనుషుల అవునుకూ కాదుకూ మధ్య ఉండే బురద దమయంతికి చిన్నప్పటినుంచీ భయం. ఈ భాషలో ఆ బురద లేదు. అందుకే దాన్ని అంతగా ప్రేమించింది.

పలుకులో తీర్పు చెప్పేది ఒకే ఒక్క వాక్యం. టోపీలో వందలకొద్దీ బిందువులుంటాయి. ప్రతి బిందువూ తనకింద ఉన్న మెదడు ముక్క ఏమందో చెప్తుంది. మసకగా ఉన్న జవాబులను జల్లెడపట్టి రాల్చేసి, మిగిలిన స్పష్టమైనవాటిని చూడాలి. అవన్నీ అవునంటేనే అవును. ఒక్కటి కాదన్నా కాదు. ల్యాబు పెద్ద డాక్టర్ కూర్మనాథం పెట్టిన షరతు అది. ఎక్కువమంది ఏమంటే అది అనుకోవడానికి ఇదేం పంచాయతీ ఎన్నిక కాదు, మనిషి ప్రాణం, అన్నాడాయన. దమయంతికీ అది నచ్చింది. లోకంలో అంతకంటే జాగ్రత్తైన ప్రశ్న మరొకటి ఉండదనిపించింది. ఒకే వరసలో, ఎడమ అరచేతిలో పట్టేంత పొట్టిగా రాసింది. ఆ భాష రాసేవాళ్ళకు పొట్టితనమే అందం. అక్కర్లేని గుర్తు ఒక్కటి కనిపించినా అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడతారు.

ఇప్పుడు గదిలో కూర్చుని ఆమె ఒక ఖాళీ వరుస తయారుచేసింది. అందులో ఏమీ లేదు. దాన్ని, ఇందులో ఉన్నవన్నీ నిజమేనా, అని అడిగింది.

ఒకటి, అంది యంత్రం.

ఒక్కటైనా నిజమేనా, అని అడిగింది.

సున్నా.

రెండూ సరైన జవాబులే. ఆమెకు తెలుసు, కాలేజీ రోజుల నుంచీ తెలుసు. పిల్లలెవరూ రాని తరగతిలో టీచరు నిలబడి, హోంవర్కు చేయనివాళ్ళు లేచి నిలబడండి, అంటే ఎవరూ లేవరు. అంటే అందరూ చేసినట్టే. భాష తప్పు చెప్పలేదు. థర్మోకోల్ తలకింద ఏమీ లేదు. జల్లెడలో ఒక్క జవాబూ నిలవలేదు. కాదన్నవాళ్ళు లేరు. కాబట్టి అవును.

మరి ఇంతకాలం ఇది ఎందుకు బయటపడలేదు? తెలిసిన కారణాన్నే ఆమె మళ్ళీ మళ్ళీ తిరగేసుకుంది. పరీక్షలకు వచ్చిన ఆరోగ్యవంతుల తలల్లో ఎప్పుడూ ఏదో ఒక బిందువు వెలుగుతూనే ఉండేది. రోగుల దగ్గర మాత్రం వాళ్ళు ఒక ఆచారం పెట్టుకున్నారు. యంత్రం సరిగా పనిచేస్తోందా లేదా అని చూసేందుకు ముందు తెలిసిన ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్న ఎప్పుడూ అవును వచ్చేదే అయి ఉండాలి. "నీ పేరు జోగారావేనా?" అని అడగాలేగాని, "నీ పేరు సింహాచలమా?" అని అడగకూడదు. చీకట్లో ఉన్న మనిషిని పరాయి పేరుతో పిలిస్తే తానెవరో తనకే అనుమానం వస్తుంది, అది హింస, అని వాదించింది దమయంతే. అందరూ మెచ్చుకున్నారు. వచ్చిన చుట్టాలు కూడా అలాగే అడిగేవారు. నేను గుర్తున్నానా, నా మాట వినిపిస్తోందా, దేవుడి బొట్టు పెట్టనా. మంచానికి అటూ ఇటూ నిలబడి, మూసుకున్న కళ్ళకేసి చూస్తూ కాదు రావాల్సిన ప్రశ్న అడిగే మనసు ఎవరికుంటుంది? ప్రేమకొద్దీ ఒక్కరూ అడగలేదు.

మూడేళ్ళ కిందట, ఓడను లాగుతున్న తాడు తెగి విసురుగా తగిలి, జోగారావు నీళ్ళలో పడిపోయాడు. తోటివాళ్ళు దూకి తీసుకొచ్చేసరికి చాలా ఆలస్యమైంది. గుండె కొట్టుకుంటోంది, ఊపిరి యంత్రం పోస్తోంది, మనిషి లేడు. అలా వానాకాలమంతా గడిచి, చలికాలం గడిచాక, ఇక బాగుపడడని డాక్టర్ల బృందం తేల్చింది. ఊపిరి యంత్రం తీయాలా వద్దా అన్నది అతన్నే అడగాలని నిబంధన. బాగా ప్రేమించిన గొంతుకు మెదడు ఎక్కువ పలుకుతుందని కూర్మనాథం నమ్మకం. కూతురు ప్రసూన అప్పటికి ఇంటర్ చదువుతోంది. అందుకే ఆ పిల్లే మంచం దగ్గర వంగి, మైకు పట్టుకుని అడిగింది.

"ఇక చాలా నాన్నా? ఎల్లిపోతావా?"

అవును, అంది తెర.

దమయంతి ఆ సాయంత్రమే సంతకం పెట్టింది. తర్వాత ఎవరైనా పరామర్శించడానికి వస్తే, ఆయనే అడిగి మరీ వెళ్ళిపోయారండీ, అని చెప్పేది. ఆ మాట ఆమెను నిలబెట్టింది. ప్రసూన మాత్రం ఆ రోజు గురించి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. పిల్ల తేరుకుంది అనుకుంది దమయంతి.

రోగుల తలల్లోంచి వచ్చిన సంకేతాలన్నీ, గదిలోని మాటలతో సహా, ల్యాబులో దాచి ఉంటాయి. జోగారావువి తెరవడానికి ఆమెకు మధ్యాహ్నం దాకా చేతులు రాలేదు. తెరిచాక చేయాల్సింది చాలా చిన్న పని. ప్రతి క్షణానికీ జల్లెడలో నిలిచిన బిందువులెన్నో కూడాలి, అంతే. నిజాలను కూడటం. ఒక్క గుర్తు.

ప్రశ్న దగ్గర కూడిక సున్నా.

ఆమె ఆశ్చర్యపోలేదు. చచ్చిపోయావా అన్నా థర్మోకోల్ తల అవునన్నప్పుడే ఇది తెలిసిపోయింది. మాటలు వినకుండా, ఆ తర్వాతి క్షణాల అంకెలు మాత్రం చూసింది. సున్నా. ఇంకా తర్వాత, చివరిదాకా, టోపీ తీసేదాకా సున్నాలే. అయితే ఖాళీనే, అనుకుంది. మనిషి అప్పటికే వెళ్ళిపోయాడు, యంత్రం అబద్ధమాడినా ఎవరికీ అపకారం చేయలేదు, అనుకుంది. ఆ ఆలోచన చల్లగా, దాదాపు హాయిగా అనిపించింది. అక్కడితో ఆపేయాల్సింది. ఆమె వెనక్కి జరిపింది.

అదే రోజు పొద్దున. ప్రశ్నలింకా మొదలుకాలేదు. వార్డుబాయ్ జోగారావుకు గడ్డం గీస్తున్నాడు. టోపీ అప్పటికే తొడిగి ఉంది. గీస్తూ తనలో తను మాట్లాడుకున్నట్టు, "సేపల ఏటకెళ్ళిన బోట్లన్నీ ఉత్తి సేతుల్తో వచ్చేసినాయంట అన్నా. గాలి మారిపోనాదంట," అంటున్నాడు. ఆ మాటల కింద, అంతసేపూ సున్నా ఉన్నచోట, అంకెలు లేచాయి. పదులు. ఆ తర్వాత వందలు. గాలి అన్న మాట దగ్గర టోపీలో దాదాపు ప్రతి బిందువూ వెలిగింది. కత్తి నీళ్ళలో ముంచిన చప్పుడు. వార్డుబాయ్ ఇంకేదో పాట అందుకున్నాడు. అంకెలు నిలకడగా ఉన్నాయి. వింటున్నాడు.

తర్వాత అందరూ గదిలోకొచ్చారు. దమయంతి గొంతు, కూర్మనాథం గొంతు. కుర్చీలు జరిగాయి. ప్రసూన దగ్గింది. అంకెలు తగ్గుతూ వచ్చి, ప్రసూన నోరు తెరిచేసరికి సున్నా అయ్యాయి.

అలసిపోయాడేమో. నిద్రపోయాడేమో. ఆ మెదడుకు మిగిలిన ఓపికంతా గాలికీ బోట్లకూ ఖర్చయిపోయిందేమో. దమయంతి జల్లెడ కన్నాలు చిన్నవి చేసి చూసింది, మసకవి కూడా నిలిచేలా. ప్రశ్న దగ్గర కొన్ని బిందువులు వచ్చాయి. కాదు అన్నాయి. ఇంకొంచెం చిన్నవి చేసింది. కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. కన్నాలు తిరిగి పెద్దవి చేసింది. మళ్ళీ అవును. ఆమె వేలు ఎటు కదిలితే జోగారావు అటు మాట్లాడుతున్నాడు. చేయి వెనక్కి తీసుకుంది.

అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది యంత్రం కాదు, మనిషి. జోగారావు నచ్చని మాటకు ఎదురుచెప్పేవాడు కాదు. ఆ గదిలోంచి మనసును తీసుకుని వెళ్ళిపోయేవాడు. కొండమీద ఫ్లాటు కొందామని ఆమె అన్నప్పుడు, అతను క్యారియర్ మూత బిగించుకుంటూ కిటికీలోంచి హార్బరుకేసి చూశాడు. ఆయన సరేనన్నారు, అని ఆమె బ్యాంకులో చెప్పింది. తన తల్లిని ఇంటికి తెస్తానన్నప్పుడూ అంతే, ఉద్యోగం మారతానన్నప్పుడూ అంతే. ఆ చూపు వెనక ఏముందని ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగితే కాదంటాడేమోనని కాదు. కాదనలేదు కదా, అదే చాలనిపించేది. ఇరవై ఏళ్ళ కాపురంలో తాను నేర్చుకున్న లెక్కనే ఆ ఒక్క వాక్యంలో రాసేసిందేమో. అలా అనుకుంటే శిక్షలా ఉంది, శిక్షలో కాస్త ఊరట కూడా ఉంది. ఆ ఊరటనూ ఆమె నమ్మలేకపోయింది.

కూర్మనాథం అంతా విన్నాడు. అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, గణితం ప్రకారం తప్పేమీ లేదు కదా అన్నాడు. లేదని ఆమె ఒప్పుకుంది. అయితే సరిదిద్దు, అన్నాడాయన, ఖాళీ అయితే జవాబు లేదని పడేలా చెయ్యి. పాత రోగుల ఇళ్ళవాళ్ళకు చెప్పాలి కదా సార్, అంది. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"వాళ్ళందరూ ఆ అవునుమీద కాళ్ళు ఆనించి నిలబడి ఉన్నారమ్మా. నువ్వెళ్ళి లాగేస్తావు. లాగి, దాని చోట ఏం పెడతావు?"

"నిజం పెడతాను సార్."

"ఏది నిజం? వాళ్ళ మనిషి అవునన్నాడనా, కాదన్నాడనా?"

దమయంతి తన ఎడమ అరచేయి తిప్పి చూసుకుంది.

"అది కూడా నీ దగ్గర లేదు. వట్టి చేతులతో వెళ్తావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆయన తన అన్నగారిని కూడా ఆ యంత్రాన్ని అడిగే పంపించాడని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఆ రికార్డు తెరవమని అడుగుతాడేమోనని చూసింది. అడగలేదు.

సరిదిద్దడం టీ చల్లారేలోపు అయిపోయింది. వాక్యం కాస్త పొడుగైంది. చూడటానికి అందంగా లేదు. స్టెల్లా టోపీని మళ్ళీ థర్మోకోల్ తలకు తొడిగి, నువ్వు బతికున్నావా, అని అడిగింది. జవాబు లేదు, అని పడింది. చచ్చిపోయావా అన్నా అదే. ఇదివరకు నవ్వినవాళ్ళెవరూ ఈసారి నవ్వలేదు.

ఆమె ఇంటికి చేరేసరికి ప్రసూన వంటింట్లో నెత్తళ్ళు వేయిస్తోంది. కాలేజీనుంచి వచ్చేటప్పుడు కొనుక్కొచ్చిందట. ఏటమ్మా ఈరోజు ఇంత తొందరగా, అని అడిగింది వెనక్కి తిరగకుండానే. దమయంతి గడపకు ఆనుకుని నిలబడి చెప్పింది. దారంతా అనుకున్న మాటలేవీ రాలేదు. థర్మోకోల్ తల నుంచి మొదలుపెట్టి, ఖాళీ వరుస గురించి, తన వాక్యం గురించి చెప్పి, ఆ రోజు నాన్న అవునని అనలేదు, అంది. కాదనీ అనలేదు. యంత్రం ఎవరూ లేనిచోట అవునందని చెప్పింది. పొద్దుటి బోట్ల సంగతి చెప్పలేదు. ముందు ఇది తట్టుకోనీ, అనుకుంది.

ప్రసూన గరిటె ఆపింది. ఏడుస్తుందనుకుంది దమయంతి, లేదా అరుస్తుందనుకుంది. నువ్వే కదా నన్ను అడగమన్నావు, నా గొంతుతోనే కదా పంపించేశారు, అంటుందనుకుంది. దానికి సిద్ధపడే వచ్చింది.

"అడిగిన వాటన్నిటికీ అంతేనా?" అంది ప్రసూన.

"పేరు కాక ఆ రోజు అడిగింది ఒక్కటే కదే."

"నువ్వు సంతకానికి ఎల్లినప్పుడు నేనింకోటి అడిగాను. మిషను ఆపలేదు అప్పటికి. గదిలో ఎవరూ లేరు."

నూనె చిటపటలాడుతోంది. దమయంతి వంగి స్టవ్ తగ్గించింది.

"ఏమడిగావు?"

"నామీద కోపంగా ఉన్నావా నాన్నా, అని. నాన్న నీళ్ళలో పడ్డ వారమంతా నేను మాట్లాడలేదు కదా, టూరుకి ఎల్లొద్దన్నాడని. డ్యూటీకి ఎల్తా, ఎల్లొస్తానే, అన్నాడు. నేను ఊ అనలేదు." గొంతు మామూలుగానే ఉంది. "అవును అని పడింది."

రెండేళ్ళు. దమయంతి కూతురి వీపునే చూస్తూ నిలబడింది. ఈ వీపునే కదా తను తేరుకుందని అనుకుంది.

"అదీ ఖాళీనే ప్రసూ," అంది. "నేను చూశాను. ఆ తర్వాత చివరిదాకా సున్నాలే."

"అంటే కోపం లేదా?"

లేదు అని నోటిదాకా వచ్చింది. కానీ అబద్ధం. "లేదని కాదు. కోపం లేదు కదా అని అడిగుంటే దానికీ అవుననేది."

ప్రసూన మెల్లగా ఇటు తిరిగింది. చేతికి అంటిన పిండి ఆరిపోయి తెల్లగా ఉంది. "అయితే అప్పటికే నాన్న అక్కడ లేడా?"

ఉన్నాడు, పొద్దున గాలి మారిందంటే విన్నాడు, ప్రతి బిందువూ వెలిగింది. ఆ మాట చెప్తే తన గొంతుతో పంపించింది వింటున్న మనిషినని పిల్లకు తెలుస్తుంది. చెప్పకపోతే ఆ బరువు తన ఒక్కదాని దగ్గరే ఆగుతుంది. కూతురు రెండు మాటల్లో ఒకటి అడుగుతోంది. మూడో మాట ఏదైనా ఉంటే బాగుండునని దమయంతి వెతికింది.

"లేడు," అంది.

ప్రసూన తలూపింది. మూకుడులో చేపలు ఒకవైపు నల్లబడిపోతున్నాయి. వాటిని తిప్పాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

"కోపంగానైనా ఉన్నాడనుకున్నానమ్మా," అంది. "రోజూ నాన్నని బతిమాలుతున్నాను. ఇవాళ పొద్దున కూడా బతిమాలాను."